ఒళ్ళో పెట్టుకోని ల్యాప్‌టాప్

కర్నూలు, పాతబస్తీ
అక్టోబరు మొదటి వారం

పరమేష్ అన్నకు ఫిరోజా సలాములు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకోకండి. ఫోన్ చేద్దామంటే మాది రెండు గదుల ఇల్లు. వంటింట్లో ఎంత గొంతు తగ్గించినా మంచం మీదున్న మనిషికి వినబడుతుంది. మెసేజ్ పెడదామంటే నా ఫోన్ పొద్దస్తమానం మా ఆయన, మీ స్నేహితుడు చాంద్ చేతిలోనే ఉంటుంది. నాకొచ్చిన ప్రతి మెసేజూ ఆయనే చదివి వినిపిస్తాడు. నేను బియ్యం ఏరుతూ జవాబు చెబితే ఆయనే టైపు చేస్తాడు. కోడుమూరు పెళ్ళిలో కెమెరాతో వెనక్కి నడుస్తూ మిద్దె మీది నుంచి పడినప్పటి నుంచి ఆయనకు మిగిలిన పని అదొక్కటే. దాన్ని ఎట్లా లాక్కోను? అందుకే నేను బ్లౌజులు కుట్టే హనుమంతమ్మక్క షాపులో కూర్చుని ఇది రాస్తున్నాను. జవాబు కూడా షాపు అడ్రసుకే రాయండి.

సంగతేమంటే, ఆయనకు తెలియకుండా ఒక ల్యాప్‌టాప్ కొనాలనుకుంటున్నాను. పెళ్ళి వీడియోలు కోసి అతికించే మిక్సింగ్ రూములో ఉన్న ఆయన కంప్యూటర్‌ను పోయిన నెల ఇంటికి మోయించుకొచ్చాను. ఇన్నాళ్ళు మూసిన గదిలో చెమ్మకు దాని బోర్డు చచ్చిపోయిందట, పాత మోడల్ కాబట్టి పార్టులు దొరకవట. దొరికినా ఆ రెండు తెరలూ ఆ డబ్బా పెట్టుకునే జాగా మాకు లేదు. పెళ్ళిళ్ళు షూట్ చేసే కుర్రాళ్ళు ఇప్పటికీ, మిక్సింగ్ చాంద్ అన్న చేస్తే చాలు, తక్కినదంతా మేం చూసుకుంటామంటున్నారు. ఆయనేమో గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. మళ్ళీ పనిలో పడితే మళ్ళీ నా చాంద్ అవుతాడని నా ఆశ.

కంప్యూటర్ల షాపులో అడిగితే, వీడియో మిక్సింగ్‌కు గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోమన్నారు. ఇక్కడికొచ్చి ఆ మాట చెప్పగానే హనుమంతమ్మక్క మిషన్ ఆపేసింది. "ఆటలాడుకునేదానికి అంత దుడ్డు పోస్తావా? దానికి బదులు ఇంకో మిషన్ తీసుకోరాదా" అంది. నాకేమో అవన్నీ ఒకేలా కనిపించాయి, ఎర్ర దీపాలు, నల్ల డబ్బాలు. లక్ష దాటకుండా, పాత కంప్యూటర్ చేసే పనంతా చేసేది ఏదో మీరే చెప్పాలి.

కాళ్ళ సంగతి అడుగుతారేమో. మెరుగే అన్నా. నిదానంగా వస్తాయన్నాడు డాక్టరు.

మీ చెల్లెలు,
ఫిరోజా


మంగంపేట
అక్టోబరు మూడో వారం

చెల్లెలు ఫిరోజాకు దీవెనలతో పరమేష్ రాసేది.

పోస్టుమ్యాన్ నా పేరు పిలిస్తే గుండె జారింది. ఉత్తరమంటే బ్యాంకు నోటీసే అనుకునే రోజులివి. నీ అక్షరాలు చూశాక స్థిమితపడ్డాను. చేత్తో జవాబు రాసి ఎన్నేళ్ళయిందో, తప్పులుంటే మన్నించు.

ముందు హనుమంతమ్మక్కకు చెప్పు, గేమింగ్ అన్నది పేరుకే. ఇక్కడ ముగ్గురాయి గనిలో నేను డ్రోన్ ఎగరేసి తీసిన ఫోటోలన్నీ కలిపి గుంతల పటాలు తయారుచేసేది కూడా గేమింగ్ ల్యాప్‌టాప్‌లోనే. ఆట బొమ్మను పరిగెత్తించే గ్రాఫిక్స్ కార్డే పెళ్ళి వీడియోనూ పరిగెత్తిస్తుంది. మా మేనేజరు కూడా మొదట దాని దీపాలు చూసి నేను డ్యూటీలో ఆటలాడుతున్నానని మెమో ఇవ్వబోయాడు.

ఇక విను. షాపులో సన్నగా, అందంగా ఉన్నది చూపించి ఇదీ అదే కార్డమ్మా అంటారు. నమ్మొద్దు. కార్డు నంబరు ఒకటే అయినా సన్నదానికి కరెంటు తక్కువ అందిస్తారు, అది పని మధ్యలో ఆయాసపడుతుంది. మందంగా, బరువుగా, మొరటుగా ఉన్నదే మనకు కావాలి. తెర పదహారు అంగుళాలు ఉండాలి, రంగులు పూర్తిగా చూపించాలి. ఇది మాత్రం గట్టిగా అడుగు. ఆటలాడేవాళ్ళకు తెర వేగం చాలు కాబట్టి చవకవాటిలో రంగుల దగ్గర కోత పెడతారు. అట్లాంటి తెర మీద పెళ్ళికూతురి పసుపు చీర గడ్డి రంగులో కనిపిస్తే చాంద్ మనల్నిద్దర్నీ తిడతాడు. మెమరీ పదహారు జీబీ ఉండి, ఇంకొకటి వేసుకునే ఖాళీ ఉందో లేదో చూడు. బ్యాటరీ ఎంతసేపు వస్తుందని అడగొద్దు. మిక్సింగ్ చేస్తే గంట కూడా రాదు. ఇది ప్లగ్గు పక్కనే ఉండాల్సిన వస్తువు, పేరుకే ల్యాప్‌టాప్.

ఒక సంగతి నువ్వు రాయలేదు. దీన్ని వాడు ఎక్కడ పెట్టుకుంటాడు?

నీ అన్న,
పరమేష్


కర్నూలు
నవంబరు మొదట్లో

పరమేష్ అన్నకు సలాములు.

మీ ఉత్తరం చేతపట్టుకునే షాపుకు పోయాను. రంగులు పూర్తిగా చూపిస్తుందా అని అడిగితే అమ్మే అబ్బాయి లోపలికి పోయి పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. మీ పుణ్యమా అని ఆ పూట నాకు కుర్చీ వేసి చాయ్ ఇచ్చారు.

రెండు మిగిలాయి. రెంటికీ కార్డు ఒకటే, ఎనిమిది జీబీది. ఒకటి సన్నది, తేలిక, తెల్లగా ముద్దుగా ఉంది. రెండోది మీరన్నట్టు మొరటుది. దాని ఛార్జరే ఇటుకంత ఉంది. నాకు సన్నదాని మీదే మనసు పోతోంది. ఎందుకంటే ఆయన మంచం మీదే కదా, కాళ్ళ మీద పెట్టుకునే పని చేసుకోవాలి. ఇటుకలాంటిది పెట్టి బరువు మోయించడమెందుకు? కింద ఒక పల్చటి దిండు వేస్తాను.

నిన్న పక్కింటివాళ్ళు వాళ్ళ పాప పెళ్ళి వీడియో పంపారు. ఆయన పడుకునే చూస్తూ, "ఈడ ఇంత సేపు లాగినాడేంది, ఆ పాప నవ్వు మొదలైన చోటే కోయాల" అన్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆయన గొంతులో కోపం విన్నాను అన్నా. ఆ కోపం వింటే నాకు పండగలా ఉంది.

సన్నది తీసుకోమంటారా? ఒక్క ముక్క రాయండి.

ఫిరోజా


మంగంపేట
నవంబరు పదిహేను

చెల్లెమ్మా ఫిరోజా,

సన్నది వద్దు. ఏదైనా సరే, కాళ్ళ మీద అసలే వద్దు.

భయపెట్టడానికి రాయడం లేదు. ఇవి పనిచేసేటప్పుడు అడుగు భాగం కాలుతుంది. గాలి కింద నుంచే తీసుకుంటాయి. దిండు వేస్తే ఆ దారి మూసుకుని ఇంకా మండుతుంది. పోయిన ఎండాకాలం గనిలో షెడ్డు ఖాళీ లేక జీపులో కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాను. కాసేపటికి ప్యాంటు మీద నుంచే తొడ సుర్రుమంది. ఎగిరి దూకాను. వారం రోజులు ఎర్రగా ఉంది.

నాకు సుర్రుమంది కాబట్టి దూకాను. చాంద్‌కు వేడి తగిలితే తెలుస్తుందా ఫిరోజా? కాళ్ళు మెరుగే అన్నావు కదా. ఆ ఒక్క సంగతి నాకు ఉన్నదున్నట్టు రాయి. అది తెలిస్తేనే ఏది కొనాలో చెప్పగలను.

పరమేష్


కర్నూలు
నవంబరు చివర

అన్నా,

మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయబోయి ఎన్నో కాగితాలు చించాను. హనుమంతమ్మక్క నా మొహం చూసి షాపు తలుపు దగ్గరగా వేసి, రాసుకో పో అని తాను బయట కూర్చుంది.

తెలియదు. ఆయనకు నడుము కింద ఏదీ తెలియదు.

డిశ్చార్జి రోజు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. స్పర్శ రాదమ్మా, నడక కూడా రాదు, ఎంత తొందరగా చక్రాల కుర్చీకి అలవాటు చేస్తే అంత మంచిదన్నాడు. సరే సార్ అన్నాను. లోపలికి వచ్చేసరికి ఆయన నా మొహం వైపే చూస్తున్నాడు. నిదానంగా వస్తాయంట అన్నాను. ఎట్లా అన్నానో నాకే తెలియదు. ఒకసారి అన్నాక రోజూ అనాల్సి వచ్చింది.

మా అత్త సంగతి మీకు తెలుసు. కోడుమూరు దగ్గర వాళ్ళ పుట్టినూరులో పీర్ల సావిడి ముందు కొంగు పరిచి మొక్కుకుంది, వచ్చే పీర్ల పండుగకు నా కొడుకు పీరును ఎత్తుకుంటాడని. మొక్కు తీరేదాకా ఇంట్లో ఎవరూ కీడు మాట పలకకూడదు. ఎవరైనా కాళ్ళెట్లుండాయి అంటే ఆమే ముందు జవాబిస్తుంది, వస్తాండాయి అని.

వానాకాలంలో ఒకరోజు నేను షాపులో ఉండగా ఆమె ఇసుక వేయించి మూటకట్టి ఆయన పాదాలకు కాపడం పెట్టింది. మా ఇళ్ళల్లో ఏ కాలు నొప్పికైనా ఇసుక కాపడమే కదా. ఆయన ఫోన్‌లో ఏదో చదువుకుంటూ ఉండిపోయాడు. చల్లారిందేమోనని ఆమె ఇంకా కాస్త వేడి ఇసుక పోసింది. నేను వచ్చి దుప్పటి తీస్తే రెండు పాదాల నిండా పొక్కులు. "ఏం కాలేదులే, మంట లేదు" అన్నాడు. నరాలు నిదానంగా మేలుకుంటాయంట అన్నాను నేను. నా వైపు కొంచెంసేపు చూసి, "అట్లనే అయ్యుంటాది" అన్నాడు. ఆ రాత్రి అత్త అన్నం ముట్టలేదు.

కుర్చీ కూడా ఉంది అన్నా. ఒక సంస్థవాళ్ళు ఇచ్చారు. ఇంటికి తీసుకుపోతే నేను చెప్పిందంతా అబద్ధమైపోతుందని ఈ షాపు వెనక గదిలో పెట్టాను. హనుమంతమ్మక్క దానికి దుప్పటి కప్పి, కుట్టిన బ్లౌజులు పెడుతుంది.

ల్యాప్‌టాప్ వద్దేమో. కాలుతుందన్న భయంతో దాన్ని ఆయనకు ఇవ్వలేను, ఎందుకు ఇవ్వడం లేదో చెప్పనూ లేను.

ఫిరోజా


మంగంపేట
డిసెంబరు

ఫిరోజా తల్లీ,

ఇంత బరువు ఒక్కదానివే మోశావు. నీ ఉత్తరం చదివి నేను కాసేపు బయటికి పోయి నిలబడ్డాను.

నేను నీకు పెద్దరికం చెప్పేవాణ్ణి కాదు. నాకు తెలిసింది ల్యాప్‌టాప్ సంగతే, అదే రాస్తాను. ఆ మొరటుదాన్నే కొను. అది టేబుల్ మీద పెట్టుకునే వస్తువు. ఒకసారి పెడితే పాత కంప్యూటర్ లాగే అక్కడే ఉంటుంది. కాళ్ళ మీదికి రాదు, పరుపు మీదికి రాదు. వెనక గోడకు ఆనకుండా జానెడు జాగా వదిలితే దాని వేడి దాని దారిన పోతుంది. కాబట్టి ముందు కావలసింది టేబుల్.

ఆ టేబుల్ ఎంత ఎత్తు ఉండాలో నన్ను అడగొద్దు, చాంద్‌ను అడుగు. దాచిపెట్టి ఇచ్చి ఆశ్చర్యపరచాలన్న మాట మరిచిపో. కొంటున్నానని చెప్పు. ఏ కార్డు, ఏ తెర, అన్నీ చెప్పు. పని చేసేవాడు వాడు కదా. తర్వాత టేబుల్ ఎత్తు ఎంత పెట్టించాలని ఒక్క మాట అడుగు. వాడేమంటాడో నాకు రాయి.

పరమేష్


కర్నూలు
డిసెంబరు చివరి వారం

అన్నా,

అడిగాను.

ల్యాప్‌టాప్ కొంటున్నానంటే గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. తర్వాత ఒక్కొక్కటే అడిగాడు. మెమరీ ఎంత, ఖాళీ ఉందా, తెర రంగులు ఎట్లుంటాయి. మీరు రాసిందంతా అప్పజెప్పాను. "ఎవరు చెప్పినార్రా నీకు ఇయన్నీ" అని నవ్వాడు. మీ పేరు చెప్పలేదు, కానీ పట్టేసినట్టే ఉన్నాడు. సన్నది ముద్దుగా ఉండిందంటే, ముద్దు చేసేదానికా అన్నాడు.

అప్పుడు టేబుల్ గురించి అడిగాను. వడ్రంగి దేవేంద్రప్పకు చెబుతాను, ఎత్తు ఎంత పెట్టమనాలి అన్నాను. ఆయన చేతుల మీద పైకి జరిగి దిండుకు ఆనుకున్నాడు. "మామూలు దానికంటే కొంచెం ఎత్తు పెట్టమను. కింద అడ్డ పట్టీ ఉండకూడదు. కుర్చీ చేతులు లోపలికి పోవాల" అన్నాడు.

"ఏ కుర్చీ?" అన్నాను.

"చక్రాల కుర్చీనే ఫిరోజా. ఇంగ దేంట్లో కూచుంటా నేను?" అన్నాడు, చాయ్ అడిగినంత మామూలుగా.

నా చేతిలో గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టి ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను. పడిన రోజు కూడా నేనంత ఏడవలేదు. ఆయన నా తల నిమురుతూనే ఉన్నాడు. డాక్టరు చెప్పింది చెప్పాను. తెలుసు అన్నాడు. ఎప్పటి నుంచి అంటే, నా కాళ్ళు కదా, నాకు తెలీదా అన్నాడు. మరి నన్నెందుకు అట్లా అబద్ధమాడనిచ్చావంటే నా కొంగుతో నా కళ్ళు తుడిచాడు. నాకు సిగ్గూ వచ్చింది, కోపమూ వచ్చింది, వాటి వెనకే గుండె తేలికైంది. అన్నీ కలిసి వచ్చాయి.

అత్త వంటింట్లోనే ఉంది. అన్నీ విన్నది. నమాజు చాప పరుచుకుని కూర్చుంది, పిలిచినా పలకలేదు.

మీకు ముందే తెలుసా అన్నా? టేబుల్ ఎత్తు ఆయన్నే అడగమన్నారు చూడండి, ఇప్పుడు అనుమానం వస్తోంది.

ఫిరోజా


మంగంపేట
జనవరి మొదటి రోజులు

ఫిరోజా తల్లికి,

తెలుసు. కాపడం పెట్టిన మరునాడే, నువ్వు షాపుకు పోయాక చాంద్ ఫోన్ చేశాడు. "నాకు అబద్ధం చెప్పి చెప్పి అలిసిపోతాండాది మామా. ఇంగ చెప్పొద్దంటే, ఇన్నాళ్ళు వట్టిగా మోసినానా అని కుమిలిపోతాది. దానికి తోచిన దినం అదే చెప్పనీ" అన్నాడు. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాడు. నీ మొదటి ఉత్తరంలో మెరుగే అని చదివినప్పుడు నేను పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అటు వాడికిచ్చిన మాట, ఇటు నువ్వు. వేడి తెలుస్తుందా అని అడిగింది తెలియక కాదు. ఇక నా మీద కోపం తెచ్చుకుంటే తెచ్చుకో.

నువ్వు వాడికోసం దాచావు, వాడు నీకోసం దాచాడు. మీ ఇద్దరి మధ్య నేను కాడి కింద ఎద్దు లాగా ఉన్నాను. ఇప్పుడు మెడ నొప్పి తగ్గింది.

కొన్నాక బిల్లు జాగ్రత్త. మొదటి రోజు ఛార్జరు పెట్టి, నిండాకనే పని మొదలుపెట్టమను. అత్తకు నా నమస్కారాలు.

పరమేష్


కర్నూలు
ఫిబ్రవరి

పరమేష్ అన్నకు ఫిరోజా సలాములు.

మీ మీద కోపం రెండు రోజులు ఉంచుకుని చూశాను, నిలవలేదు.

టేబుల్ వచ్చింది, ల్యాప్‌టాప్ వచ్చింది, కుర్చీ మాత్రం తేలేకపోయాను. అత్త అన్ని రోజులూ నాతో మాట్లాడలేదు. ఆమె మొక్కును నేనే చెరిపేసినట్టు ఉండేది నాకు. అట్లాంటిది పోయిన శుక్రవారం ఆమె హనుమంతమ్మక్క షాపుకు నడిచి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. నేరుగా వెనక గదిలోకి పోయి, బ్లౌజులు తీసి పక్కన పెట్టి, దుప్పటి లాగేసి, ఆ కుర్చీని తన కొంగుతోనే తుడిచింది. ఎవరు చెప్పారో తెలియదు, హనుమంతమ్మక్క మాత్రం మిషన్ మీద నుంచి తలెత్తలేదు. వీధంతా చూస్తుండగా కుర్చీని అత్తే తోసుకుంటూ ఇంటికి తెచ్చింది. నన్ను చేయి కూడా వేయనీయలేదు.

ఆయన్ని కూర్చోబెట్టాక, ఆయన ముందు నిలబడి, "నేను మొక్కింది నువ్వు పీరును ఎత్తుకుంటావని. ఎత్తేది చేతుల్తో గదరా, కాళ్ళతో గాదు గదా. పీర్ల సావిడి ముజావర్ దగ్గరికి నేను పోయి మాట్లాడొస్తా" అంది. ఆయన ఆమె నడుము చుట్టూ చేతులు వేసి మొహం దాచుకున్నాడు. ఆ ఇద్దరినీ అట్లా వదిలేసి నేను చాయ్ పెట్టడానికి పోయాను.

ఇప్పుడు మొరటుది టేబుల్ మీద ఉంది. పని చేస్తుంటే దాని ఫ్యాను పిండి మర ఆడినట్టు మోగుతుంది. అత్త దానికి రోజూ దుమ్ము తుడుస్తోంది. నా ఫోన్ నాకు తిరిగి వచ్చింది. మీకు ఇక ఫోనే చేయవచ్చు కానీ, ఇది మాత్రం ఉత్తరంలోనే రాయాలనిపించింది.

కుర్రాళ్ళు తెచ్చిన కొత్త పని కాకుండా ఆయన మొదట తాను పడిన కోడుమూరు పెళ్ళి వీడియో తెరిచాడు. కెమెరా పగిలినా దానిలోని మెమరీ కార్డు బాగానే ఉండిందట. ఆ ఇంటివాళ్ళు ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా అడగలేదు. మెరవణి మొదలైంది. పెళ్ళికొడుకు గుర్రం మీద, ముందు డప్పులు, మిద్దె మీది నుంచి తీసింది కాబట్టి వీధంతా కనబడుతోంది. కెమెరా మెల్లగా వెనక్కి పోతోంది. నాకు తెలుసు ఏం రాబోతోందో. లేచి వెళ్ళబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, వదలలేదు.

తెర మీద ఒక్కసారిగా ఆకాశం వచ్చింది. నీలంగా, ఒక మబ్బు కూడా లేదు. ఆ తర్వాత కెమెరా కింద ఎక్కడో పడి, ఎవరివో పరిగెత్తే కాళ్ళు.

ఆయన వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. మళ్ళీ. నా చెయ్యి వదిలి, ఆకాశం రావడానికి కొంచెం ముందు ఆపి అక్కడ కోశాడు. దాని తర్వాత, ఇంటి కిటికీలో నుంచి తొంగి చూస్తున్న పెళ్ళికూతురిని అతికించాడు. గుర్రం మీద వస్తున్నాడు ఆ అబ్బాయి, ఇటు ఈ పాప నవ్వడం మొదలుపెట్టింది. మధ్యలో ఏదీ జరగనట్టే ఉంది.

"బాగుందా?" అని అడిగాడు.

శానా బాగుందన్నాను. సేవ్ చేసి, తర్వాతి షాట్‌కు పోయాడు.

మీ చెల్లెలు,
ఫిరోజా